రాష్ట్రం మారితే ఫీజు తగ్గుతుంది, సెమిస్టర్లు పెరగకపోతేనే

ప్రశ్న: టెక్సాస్‌లోని ప్లేనోలో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. అందరికీ అమెరికా పౌరసత్వం ఉంది. మా అమ్మాయి వాషింగ్టన్ రాష్ట్రం సియాటిల్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీకి ముందు చేసే డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 62,000 డాలర్లు, అందులో 8,000 స్కాలర్‌షిప్ వస్తోంది. మూడో ఏడాదికి ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మారితే 32,000 సరిపోతుందని లెక్క వేశాం. చదువు కోసం దాచుకునే 529 పొదుపు ఖాతాలో 70,000 ఉంది. మారడం మంచిదేనా? టెక్సాస్‌లో డిగ్రీ చేస్తేనే ఇక్కడి మెడికల్ కాలేజీల్లో సీటు తేలిగ్గా వస్తుందంటారు, నిజమా? గుంటూరులో ఇంటి స్థలం ఉంది, అమ్మేయమంటారా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న. ఆ మాట నిజం కాదు. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కనీసం 90 శాతం సీట్లు రాష్ట్ర నివాసులకే ఇవ్వాలన్న నిబంధన ఉంది. నివాసి ఎవరన్నది డిగ్రీ ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలదు. మీపై ఆధారపడిన అమ్మాయికి మీ నివాసమే లెక్క. మీరు ప్లేనోలోనే ఉంటూ, పన్ను పత్రాల్లో ఆమెను మీపై ఆధారపడినట్టు చూపుతున్నంత కాలం, సియాటిల్‌లో చదివినా ఆమె టెక్సాస్ అభ్యర్థే. ఈ భయంతో మారాల్సిన పని లేదు. ఖర్చు తగ్గుతుందనుకుంటేనే మారండి.

ఇక ఖర్చు. స్కాలర్‌షిప్ కొత్త చోటికి వెంట రాదు, కాబట్టి పోల్చాల్సింది 54,000తో 32,000ను. ఏడాదికి 22,000, రెండేళ్లకు 44,000 మిగులు. చిన్న మొత్తం కాదు. అయితే డిగ్రీ ఒక సెమిస్టర్ ఆలస్యమైతే 16,000 పోయి మిగులు 28,000కు దిగుతుంది. రెండు సెమిస్టర్లు ఆలస్యమైతే మిగిలేది 12,000 మాత్రమే, పైగా ఆమె డాక్టరయ్యేది ఏడాది ఆలస్యంగా. ఒక్క సెమిస్టర్ వరకైతే మారమంటాను. రెండు పడితే అక్కడే పూర్తి చేయమంటాను.

సెమిస్టర్లు ఎక్కడ పెరుగుతాయో చూడండి. ఆమె ఇప్పుడు చదువుతున్నది క్వార్టర్ పద్ధతి (ఏడాదికి రెండు సెమిస్టర్ల బదులు మూడు విడతలు) అయితే, నాలుగు క్వార్టర్ క్రెడిట్లు ఇక్కడ 2.67 సెమిస్టర్ క్రెడిట్లే. ఆర్గానిక్ కెమిస్ట్రీ అక్కడ మూడు క్వార్టర్లు, ఇక్కడ రెండు సెమిస్టర్లు. రెండు క్వార్టర్లు చదివి వచ్చేస్తే మొదటి సెమిస్టర్ కోర్సుకే సరిపెట్టి, మిగిలినదాన్ని ఐచ్ఛిక క్రెడిట్‌గా పడేసే ప్రమాదం ఉంది. మూడో క్వార్టర్, దాని ల్యాబ్ పూర్తయ్యాకే కదలాలి. ఫిజిక్స్‌కూ ఇదే జాగ్రత్త.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని ఇంకో అడ్డంకి ఉంది. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వాలంటే ఆరు క్రెడిట్ గంటల అమెరికా చరిత్ర, ఆరు క్రెడిట్ గంటల ప్రభుత్వ వ్యవస్థ చదివి తీరాలి. అందులో టెక్సాస్ రాజ్యాంగం కూడా వస్తుంది. వాషింగ్టన్‌లో చదివే పిల్లలు దాన్ని చదివి ఉండరు. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో చరిత్ర రాసి ఉంటే ఆ మార్కులను కొత్త చోటికి మళ్లీ పంపించాలి. మిగిలినవి వేసవిలో మీ ఇంటి దగ్గరి కాలిన్ కాలేజీలో తక్కువ ఫీజుతో చదువుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో చరిత్ర చదివితే ఏ మెడికల్ కాలేజీ తప్పుపట్టదు, ఆర్గానిక్ కెమిస్ట్రీ మాత్రం అక్కడ చదివించకండి. కనీసం 60 క్రెడిట్ గంటలు తమ దగ్గరే చదవాలని ఆస్టిన్ నియమం. అంటే నాలుగు నిండు సెమిస్టర్లు. చదువును అంతకన్నా కుదించే వీలు లేదు.

అందువల్ల ప్రవేశం వచ్చాక, అంగీకరించే ముందు, ఆమె చేరబోయే విభాగం సలహాదారు నుంచి ఏ కోర్సు డిగ్రీలో దేనికి లెక్కకు వస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. "క్రెడిట్లు బదిలీ అవుతాయి" అన్న మాట చాలదు. బదిలీ అవడం వేరు, డిగ్రీకి పనికిరావడం వేరు. ప్రతి కోర్సు సిలబస్‌ను ఇప్పుడే దాచి ఉంచమనండి.

ఒక మాట అమ్మాయికి కూడా చెప్పండి. కొత్త చోట జీపీఏ కొత్తగా మొదలైనట్టు కనిపించినా, మెడికల్ దరఖాస్తులో చదివిన ప్రతి కాలేజీ మార్కులూ ఇవ్వాలి. పాత గ్రేడ్లు ఎక్కడికీ పోవు. మూడో ఏడాది ముగియగానే దరఖాస్తు చేయాలనుకుంటే, సిఫార్సు లేఖ రాసేంతగా కొత్త ప్రొఫెసర్లకు ఆమె తెలిసే సమయం ఉండదు. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ కూడా ఆ ఏడాదే పడుతుంది. బయలుదేరే ముందే అక్కడి ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లను లేఖలు అడిగి ఉంచుకోవాలి. డిగ్రీ తర్వాత ఏడాది ఆగి దరఖాస్తు చేస్తే సీటు విషయంలో ఏ నష్టమూ లేదు, చాలామంది అలాగే చేస్తున్నారు.

529 ఖాతాకు కాలేజీ మార్పుతో సంబంధం లేదు. పాత కాలేజీ ఏదైనా ఫీజు వాపసు చేస్తే మాత్రం 60 రోజుల్లో ఆ డబ్బు తిరిగి ఖాతాలో వేయాలి, లేకుంటే అందులోని లాభంపై పన్ను, జరిమానా పడతాయి. ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు అయిన ఫాఫ్సాలో కొత్త కాలేజీని చేర్చండి. పాత చోట రుణం మంజూరై ఉంటే రద్దు చేయించండి.

ఆ 70,000 మొత్తం డిగ్రీకే ఖర్చు చేయకండి. 2026 జులై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ రుణాలు (డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చేవి) లేవు. వైద్య విద్యార్థికి ప్రభుత్వ రుణం ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లకు మించదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణానికి కూడా ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. దాటిన భాగానికి ప్రైవేటు బ్యాంకు వడ్డీయే దిక్కు. మారడం వల్ల మిగిలే ప్రతి డాలరూ మెడికల్ కాలేజీ నాలుగేళ్లకు ఉపయోగపడుతుంది. డిగ్రీ కాలంలో మీ జీతం నుంచి వీలైనంత కట్టి, 529ను మెడికల్ కాలేజీకి దాచమన్నది నా సలహా.

గుంటూరు స్థలాన్ని ఇప్పుడు అమ్మకండి. అమ్మితే డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) పడుతుంది, కొనేవారు ముందుగానే పన్ను కోసి ఇస్తారు. అమెరికాకు పంపాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి, అమెరికా పన్ను పత్రాల్లోనూ ఆ లాభాన్ని చూపాలి. మెడికల్ సీటు ఖాయమయ్యాక, రుణ పరిమితి చాలదని తేలితే, అప్పుడు ఆలోచిద్దాం.

సియాటిల్‌లో వచ్చే ఏడాది అపార్ట్‌మెంట్‌కు ఆమె ఇంకా సంతకం చేయకపోతే, ఆస్టిన్ జవాబు వచ్చేదాకా ఆపండి. చేసి ఉంటే, మరొకరికి అప్పగించే వీలుందేమో లీజు కాగితం తీసి ఈ వారమే చదవండి.