పోటీకి వెళ్లే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి సాయికిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో, పోటీల్లో శక్తి పెంచే మందుల గురించి నువ్వడిగిన దానికి నేను వెంటనే జవాబు చెప్పలేదని నీకు కోపం వచ్చిందని అక్క చెప్పింది. "అందరూ ఏదో ఒకటి వాడుతున్నారు మామా, నేనొక్కణ్ని పప్పన్నం తిని సైకిలెక్కితే ఏం గెలుస్తాను" అన్నావు. నల్లగొండ బస్టాండు రొదలో నిలబడి రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదది. పైగా జిమ్ములో ఎవరో ఇచ్చిన డబ్బా ఒకటి నీ గదిలో ఉందని కూడా విన్నాను. రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడుతోంది కాబట్టి నాకు తెలిసినదంతా రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 1984 మే నెలలో నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ దాకా మేము కొందరం పందెం వేసుకున్నాము. బయలుదేరే ముందు తోటివాడొకడు లారీ డ్రైవర్లు రాత్రిళ్లు నిద్ర రాకుండా వేసుకునే బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టాడు. కనగల్ దాటేదాకా నాకు రెక్కలొచ్చినట్టే ఉంది. దాహం లేదు, కాళ్ల నొప్పి లేదు, నిండుగా ఉన్న నీళ్ల సీసా మూత కూడా తీయలేదు. హాలియా దాటిన తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి వేపచెట్టు కింద పడుకొని ఉన్నాను, కూలికి పోతున్న ఒకామె తన కొంగు తడిపి నా ముఖం మీద పిండుతోంది. చాలా ఏళ్ల తర్వాత టామ్ సింప్సన్ గురించి చదివాను. ఆ బ్రిటిష్ సైక్లిస్టు 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్ పోటీలో, మండుటెండలో మాంట్ వాంటూ కొండ ఎక్కుతూ పడిపోయి చనిపోయాడు. ఆయన ఒంట్లో యాంఫెటమైన్ అనే ఉత్తేజపరిచే మందు దొరికింది. ఆ జాతి మందు అలసటను తీసివేయదు, అలసిపోయానన్న కబురు మనకు అందకుండా చేస్తుంది. వేపచెట్టు కింద నేను లేవడానికి, ఆ కొండ మీద ఆయన లేవకపోవడానికి మధ్య తేడా నా గొప్పతనం ఎంతమాత్రం కాదు.

ఇక నీ ప్రశ్న. అందరూ వాడితే అందరూ సమానమే కదా అన్నది పాత వాదన, వినడానికి న్యాయంగానే ఉంటుంది. 1990ల్లో యూరప్ సైక్లింగ్‌ను పట్టి పీడించిన ఈపీఓ అనే మందు సంగతి చూస్తే ఆ వాదన నిలవదు. అది ఎర్ర రక్తకణాలను పెంచుతుంది, దాంతో కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది. దాన్ని నేరుగా పట్టే పరీక్ష అప్పటికి లేదు. అందుకని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 1997లో, రక్తంలో ఎర్ర కణాల వాటా 50 శాతం దాటితే పోటీకి రానివ్వమని గీత గీసింది. పుట్టుకతోనే 48 శాతం ఉన్నవాడు ఆ గీత దాకా వెళ్తే అతనికి కలిసొచ్చేది స్వల్పమే. 42 ఉన్నవాడు 49.5కు ఎక్కిస్తే ఎర్ర కణాలు దాదాపు 18 శాతం పెరుగుతాయి. అంటే మందు అందరినీ ఒకే మెట్టు మీద నిలబెట్టలేదు, ఎవరి ఒంటికి అది బాగా పట్టిందో, ఎవరి జట్టు దగ్గర తెలివైన డాక్టరు, డబ్బు ఉన్నాయో వారిని పైకి తీసుకుపోయింది. మన ఊరి బోర్ల కథ కూడా ఇదే కదా. ఒకాయన మూడు వందల అడుగులు వేయిస్తే పక్క చెలకాయన ఐదు వందలు వేయించాడు, చివరికి బావి మీద ఆధారపడ్డ చిన్న రైతు బత్తాయి తోట ఎండిపోయింది. అక్కడ ఎవరి వ్యవసాయ నైపుణ్యం గెలిచిందంటావు?

ఆ బావి రైతు లాంటివాడు సైక్లింగ్‌లోనూ ఉన్నాడు. క్రిస్టోఫ్ బాసన్స్ అనే ఫ్రెంచి యువకుడు 1999 టూర్‌లో మందుల గురించి పత్రికలో బాహాటంగా రాశాడు. తోటివాళ్లు మాట్లాడటం మానేశారు, అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పోటీ మధ్యలోనే పక్కకొచ్చి ఇంటికి పొమ్మన్నాడు, బాసన్స్ ఆ పోటీ ముగియకముందే వెళ్లిపోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఏడాది నుంచి 2005 దాకా వరుసగా ఏడు టూర్లు గెలిచాడు. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ దర్యాప్తు తర్వాత ఆ ఏడూ తీసేసి, అతనికి జీవితకాల నిషేధం వేశారు. ఆ ఏడు సంవత్సరాలకు విజేత గడి నేటికీ ఖాళీగానే ఉంది, ఎందుకంటే అతని వెనక నిలిచిన వారిలో చాలామంది మీద కూడా అవే మరకలున్నాయి. నిషేధాలు కఠినంగా ఉండాలనే నా అభిప్రాయం, కానీ పదమూడేళ్ల తర్వాత వచ్చిన తీర్పు బాసన్స్‌కు ఆ జులై నెలను తిరిగి ఇవ్వలేకపోయింది. నీ ముందు వాడెవడో మందు వేసుకొని వెళ్లిపోతున్నాడన్న నీ బాధ నాకు అర్థమవుతుంది, అది ఉత్త అసూయ కాదు.

అయితే నీ విషయంలో నాకు ఎక్కువ భయం ఈపీఓ గురించి కాదు, దాని ధరే నిన్ను దూరంగా ఉంచుతుంది. నా భయం మన ఊళ్లో ఇంటింటా దొరికే వైద్యం గురించి. నీరసంగా ఉందంటే చాలు, మన ఆర్‌ఎంపీ డాక్టర్లు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. పన్నెండు గంటల్లో వంద మిల్లీలీటర్లకు మించి రక్తనాళం ద్వారా ఏది ఎక్కించుకున్నా, ఆసుపత్రిలో నిజమైన చికిత్స కోసమైతే తప్ప, అది ఎప్పుడైనా నిషేధమే. అందులో ఉన్నది ఉప్పునీళ్లే అయినా సరే. జ్వరానికీ నడుము నొప్పికీ అలవాటుగా పొడిచే డెక్సా ఇంజెక్షన్ స్టెరాయిడ్ జాతిది. 2022 జనవరి నుంచి ఆ జాతి మందులను పోటీ సమయంలో ఏ రకం సూదితో ఇచ్చినా నిషేధం. నొప్పి బిళ్లల్లో ట్రమడాల్‌ను యూసీఐ 2019లోనే ఆపేసింది, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2024 నుంచి అన్ని క్రీడల్లోనూ పోటీ వేళ నిషేధించింది. ఇక దగ్గు మందు. క్రికెటర్ పృథ్వీ షాకు 2019లో ఎనిమిది నెలల నిషేధం పడింది టెర్బ్యుటలిన్ వల్ల, అది దగ్గు సిరప్‌లలో మామూలుగా కలిపే మందే. ఎవరిచ్చారు, ఎందుకు తాగావు అన్నది శిక్షాకాలాన్ని తగ్గించవచ్చు గానీ, ఒంట్లో దొరికిన దానికి ఆటగాడే బాధ్యుడన్న మూలసూత్రం మారదు.

ఇందులో కాస్త కఠినత్వం ఉందని నేనూ ఒప్పుకుంటాను. 2010 టూర్ గెలిచిన స్పెయిన్ సైక్లిస్టు కొంటడోర్ శాంపిల్‌లో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు (ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) మాత్రమే దొరికింది. మాంసంలోంచి వచ్చిందని ఆయన వాదించినా, 2012లో రెండేళ్ల నిషేధం వేసి ఆ గెలుపు తీసేశారు. ఉబ్బసం మందు సాల్బ్యుటమాల్ 2017లో పరిమితికి మించి కనిపించిన బ్రిటిష్ సైక్లిస్టు ఫ్రూమ్‌ను మాత్రం 2018లో నిర్దోషిగా వదిలారు. రెండు కేసుల మందులూ వేరు, నియమాలూ వేరు, అది నిజమే. అయినా పెద్ద జట్టు, పెద్ద లాయర్లు ఉన్నవాడికి తన వాదన వినిపించుకునే శక్తి ఎక్కువ. నీకు ఉన్నది మీ అమ్మ కుట్టు మిషను సంపాదన.

అందుకే చేయవలసింది ముందే చేయాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నేను క్రీడాకారుణ్ని అని మొదటి మాటగా చెప్పు, చీటీ రాయించుకో, ప్రతి మందు పేరును మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వారి యాప్‌లో వెతికి చూసి ఆ తర్వాతే మింగు. నిషేధిత మందు తప్పనిసరైతే చికిత్స మినహాయింపు కోసం పోటీకి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మూత్రం శాంపిల్ అడిగితే తీసుకునే వాళ్ల ముందే ఇవ్వాలి, కిట్ నువ్వే ఎంచుకోవాలి, ఏ, బీ అనే రెండు సీసాలకు నీ చేత్తోనే మూత బిగించాలి, ఫారంలో గత వారం వాడినవన్నీ, చ్యవనప్రాశతో సహా, రాయాలి. సిగ్గుపడి పారిపోవద్దు, ఎందుకంటే తప్పించుకోవడం కూడా నేరమే. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా వాళ్లు వచ్చారని తెలిసిన రోజున, వంద మీటర్ల ఫైనల్లో మిగతావాళ్లు రాక ఒక్కడే పరుగెత్తాడు. ఆ రోజు రాని వాళ్లందరి సంగతి నేను చెప్పలేను గానీ, ఊరంతా ఏమనుకుందో ఊహించగలను. టీ, కాఫీ మాత్రం నిశ్చింతగా తాగు, కెఫీన్‌ను 2004లోనే జాబితాలోంచి తీసేశారు.

ఆ డబ్బా ఇంకా తెరవలేదంటే తెరవవద్దు. తెరిచి ఉంటే ఎన్ని చెంచాలు, ఏ తేదీల్లో తీసుకున్నావో కాగితం మీద రాసి, డబ్బా, రసీదు రెండూ తీసుకొని ఆదివారం పొద్దున్నే రా. లేబుల్ మీది సన్న అక్షరాలు నా కళ్లద్దాలతో చదవడం కష్టం, నువ్వే చదివి వినిపించాలి. పానగల్లు చెరువు కట్ట మీద రెండు గంటలు తొక్కి వచ్చాక ఆ పని చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ