ఈల్స్ సీజన్‌ని ఎలా ఫాలో అవ్వాలి? పాయింట్ల పట్టిక ఒక్కటే చూస్తే చాలదు

మీరు అడిగింది ఇది కదా: సిడ్నీలో వెస్ట్‌మీడ్‌కి వచ్చి కొన్ని నెలలైంది, సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ ఫుటీ (ఇక్కడ రగ్బీ లీగ్‌ని అలా అంటారు) గురించే మాట్లాడతారు, దగ్గర్లో ఉన్న టీమ్ కాబట్టి పారమట్టా ఈల్స్‌ని ఫాలో అవుదామనుకుంటున్నారు. కానీ మార్చిలో మొదలై అక్టోబరు దాకా సాగే సీజన్లో ఏం చూడాలో అర్థం కావట్లేదు, పట్టిక చూసుకుంటే సరిపోతుందా, మెంబర్‌షిప్ తీసుకోవచ్చా అని.

పట్టిక చూడండి, కాదనను. దాంతోపాటు ఎవరి కాంట్రాక్టు ఏ ఏడాదితో అయిపోతుందో కూడా చూడండి. నన్నడిగితే రెండోదే ముఖ్యం. ఎందుకో చెప్పాలంటే 2022 సీజన్ గురించి చెప్పాలి. నేను మొదటి వారం నుంచి చివరి వారం దాకా వదలకుండా చూసిన సీజన్ అది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఒక్కో వైపు 13 మంది, 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు టాకిల్స్ వరకే అవకాశం, అంటే అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపేదాకా. ఆ లోపు పాయింట్లు తెచ్చుకోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని చేత్తో వెనక్కే వెయ్యాలి, ముందుకి వెయ్యకూడదు. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత కిక్ పడితే ఇంకో 2. మనవాళ్లకి కబడ్డీ తెలుసు కాబట్టి పట్టు ఎంత గట్టిగా పట్టారన్నది ఇట్టే తెలిసిపోతుంది. మిగతావి రెండు మ్యాచ్‌లు చూస్తే అవే వస్తాయి.

నాకు ఇదంతా నేర్పింది మా ఎదురింటి ఫిజీ ఆయన. వాళ్ల తాతల తరంలో విశాఖ వైపు నుంచి చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్లినవాళ్లట. తెలుగులో ఆయనకి మిగిలినవి నాలుగైదు మాటలే, అందులో ఒకటి రెండు తిట్లు. అవి రిఫరీల మీద బాగా పనికొస్తాయి. ఈల్స్‌లో అప్పుడు మైకా సివో అనే ఫిజీ వింగర్ ఉండేవాడు. సివో చేతికి బంతి అందిందంటే ఆయన కుర్చీలో ఉండేవాడు కాదు.

ఈల్స్ అభిమానుల బాధ తెలియకపోతే ఏ సీజనూ అర్థం కాదు. ఈ క్లబ్బు 1981, 82, 83ల్లో వరుసగా మూడుసార్లు, మళ్లీ 1986లో ఒకసారి గెలిచింది. 86 ఫైనల్లో రెండు వైపులా ఒక్క ట్రై కూడా పడలేదు, కాంటర్‌బరీ మీద 4-2తో గెలిచారు. అంతే, ఆ తర్వాత కప్పు లేదు. 2001లో లీగ్ దశలో అందరికన్నా పైన ఉండి ఫైనల్లో న్యూకాజిల్ చేతిలో 30-24తో ఓడారు. 2009లో జారిడ్ హేన్ అనే ఆటగాడి ఊపులో ఫైనల్‌కి వెళ్లి మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో ఓడారు. మర్నాటి ఏడాది ఆ మెల్‌బోర్న్ జీతాల పరిమితి దాటి డబ్బులిచ్చిందని తేలి కప్పు లాగేసుకున్నారు, కానీ దాన్ని ఈల్స్‌కి ఇవ్వలేదు. పోనీ మనవాళ్లు నీతిమంతులా అంటే, 2016లో అదే తప్పు చేసి 12 పాయింట్లు పోగొట్టుకున్నారు. కాబట్టి మెల్‌బోర్న్‌ని ఎవరైనా తిడుతుంటే మీరు మరీ గట్టిగా తల ఊపకండి.

ఇక 2022. కోచ్ బ్రాడ్ ఆర్థర్, కెప్టెన్లు క్లింట్ గథర్సన్, జూనియర్ పాలో. బంతి నడిపే ఇద్దరు మిచెల్ మోజెస్, డిలన్ బ్రౌన్. ఆ సీజన్ మొదలయ్యేసరికే అందరికీ ఒక విషయం తెలుసు: హుకర్ (ప్రతి టాకిల్ తర్వాత బంతి అందించేవాడు) రీడ్ మహోనీ వచ్చే ఏడాది నుంచి కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌కి, ఫార్వర్డ్ ఐజయా పపాలీ వెస్ట్స్ టైగర్స్‌కి, మరాటా నియుకోరే న్యూజీలాండ్ వారియర్స్‌కి వెళ్లిపోతున్నారు. వెళ్లిపోతారేమో కాదు, సంతకాలు అయిపోయాయి.

మనకి ఇది జీర్ణం కాదు. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున ఆడుతున్నవాడు వచ్చే ఏడాది చెన్నైకి ఆడతానని ముందే సంతకం పెట్టి, ఆ విషయం పేపర్లో వచ్చి, అయినా ఈ ఏడాదంతా ఉప్పల్లో ఆడుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ అది మామూలే. ఒప్పందంలో చివరి సీజన్ ఇంకా మొదలు కాకముందే, అంతకు ముందు నవంబరు 1 నుంచే, ఆటగాడు వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. జీతాలకి మొత్తంగా ఒక పరిమితి ఉంది కాబట్టి, బాగా ఆడుతున్న జట్టులో అందరి రేటూ ఒకేసారి పెరిగితే అందర్నీ ఉంచుకోవడం ఏ క్లబ్బు వల్లా కాదు. జట్టు ఎంత బాగా కుదిరితే అంత త్వరగా విడిపోతుందన్నమాట. అందుకే 2022లో స్టేడియంలో పక్క సీటువాళ్లు ఎవరితో మాట్లాడినా ఒకటే మాట: గెలిస్తే ఈ ఏడాదే గెలవాలి.

అలాంటి జట్టు ఎలా ఆడింది? ఒక వారం సింహంలా, ఇంకో వారం నిద్రమత్తులో. మూడో రౌండ్లో మెల్‌బోర్న్ వెళ్లి గోల్డెన్ పాయింట్‌లో, అంటే స్కోరు సమమయ్యాక ముందు పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గెలుపనే అదనపు ఆటలో, గెలిచారు. గెలిపించిన ట్రై వేసింది రే స్టోన్, ఆ వెయ్యడంలోనే మోకాలి లిగమెంట్ తెగిపోయింది పాపం. తర్వాత ఈస్టర్ సోమవారం సొంత మైదానంలో, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవని టైగర్స్ చేతిలో 21-20తో ఓడారు. ఆ టైగర్స్ ఆ ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచారు. పపాలీ వెళ్లబోతున్నది ఆ క్లబ్బుకే. ఆ రోజు స్టేడియం నుంచి బయటికొస్తుంటే జనం మాటలు పిల్లలు వినదగ్గవి కావు. జూన్‌లో బుల్‌డాగ్స్ చేతిలో 34-4.

మళ్లీ అదే జట్టు పెన్రిత్ పాంథర్స్‌ని రెండుసార్లు ఓడించింది. పెన్రిత్ అంటే అప్పటి ఛాంపియన్లు, మనకి పడమర దిక్కున కొండల కింద ఉండే పొరుగువాళ్లు. సొంత మైదానంలో వరుసగా 21 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీద ఉన్నవాళ్లని, మే నెలలో వాళ్ల ఊరికే వెళ్లి 22-20తో ఓడించారు. జులైలో మన దగ్గర 34-10. ఆ రెండో మ్యాచ్‌లో డిలన్ బ్రౌన్‌ని తలకిందులుగా ఎత్తి వేసినందుకు పెన్రిత్ స్టార్ నేథన్ క్లియరీని రిఫరీ మైదానం నుంచి బయటికి పంపేశాడు. ఆ ఏడాది లీగ్ దశ మొత్తంలో పెన్రిత్ ఓడింది నాలుగు మ్యాచ్‌లే. అందులో రెండు మన చేతిలోనే. ఈల్స్ అభిమాని ఎవరైనా ఈ ముక్క చెప్పకుండా ఆ సీజన్ గురించి మాట్లాడడు, నేనూ అంతే.

పట్టిక చూడటంలో ఒక కిటుకు ఉంది. మొదటి ఎనిమిది జట్లు ఫైనల్స్‌కి, అంటే లీగ్ దశ అయ్యాక కప్పు కోసం ఆడే మ్యాచ్‌లకి, వెళ్తాయని చెప్తారు, నిజమే, కానీ అసలు గీత నాలుగో స్థానం కింద ఉంటుంది. మొదటి నలుగురిలో ఉంటే ఫైనల్స్ మొదటి వారం ఓడినా ఇంకో అవకాశం ఇస్తారు. అయిదు నుంచి ఎనిమిది వరకు ఉన్నవాళ్లు ఓడితే అదే రోజు ఇంటికి. 2022 చివరి రౌండ్లో ఈల్స్, మెల్‌బోర్న్ సమానమైన గెలుపులతో ఎదురెదురు పడ్డారు, గెలిచినవాడికి నాలుగో స్థానం. నా మట్టుకు ఆ సీజన్ మొత్తంలో టెన్షన్ అంటే ఆ గురువారం రాత్రే. 22-14తో గెలిచాం. తేడా చూడండి: అయిదో స్థానానికి జారిన మెల్‌బోర్న్ ఆ తర్వాతి వారమే క్యాన్‌బెరా చేతిలో ఓడి వెళ్లిపోయింది. మనవాళ్లు పెన్రిత్ చేతిలో 27-8తో ఓడి కూడా బతికారు. మరుసటి వారం అదే క్యాన్‌బెరాని 40-4తో చితక్కొట్టారు.

ఆ తర్వాత టౌన్స్‌విల్. నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ సొంత ఊరు, స్టేడియం నిండా వాళ్ల జనం. మ్యాచ్ చాలాసేపు వాళ్ల చేతుల్లోనే ఉంది. చివర్లో సివో ట్రై వేశాడు, 24-20. మా వీధిలో ఆ రాత్రి ఎదురింటి గేటు తెరుచుకున్న చప్పుడు, మా తలుపు మీద దబదబా గుద్దిన చప్పుడు ఒకేసారి వినిపించాయి.

ఫైనల్ అక్టోబరు 2న, ఒలింపిక్ పార్క్‌లో, మళ్లీ పెన్రిత్‌తోనే. 82 వేల పైచిలుకు జనం. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. హాఫ్ టైమ్‌కి 18-0, ఒక దశలో 28-0, చివర్లో రెండు ట్రైలు పడి 28-12 అయింది. లీగ్ దశలో రెండుసార్లు ఓడించినవాళ్లని అసలు రెండు మ్యాచ్‌ల్లోనూ ఏమీ చెయ్యలేకపోయాం. అదే రోజు అదే మైదానంలో మధ్యాహ్నం ఈల్స్ ఆడవాళ్ల జట్టు కూడా ఫైనల్ ఆడింది. లీగ్ దశలో ఒక్క మ్యాచే గెలిచి, సెమీస్‌లో సిడ్నీ రూస్టర్స్‌ని పడగొట్టి వచ్చినవాళ్లు. న్యూకాజిల్ చేతిలో 32-12తో ఓడారు. అందరూ మగవాళ్ల ఫైనల్ గురించే ఏడుస్తారు కానీ, ఆ ఏడాది నాకు ముచ్చటేసింది వాళ్లనే చూసి.

ఇప్పుడు కాంట్రాక్టుల సంగతి. మహోనీ, పపాలీ, నియుకోరే ముందే అనుకున్నట్టు వెళ్లిపోయారు. 2023లో ఈల్స్ పదో స్థానం, ఫైనల్స్ లేవు. 2024 మే నెలలో కోచ్ ఆర్థర్‌ని తీసేశారు, ఆ ఏడాది పదిహేనో స్థానం, అంటే చివరి నుంచి మూడు. 2025కి జేసన్ రైల్స్ కొత్త కోచ్‌గా వచ్చాడు, గథర్సన్ సెయింట్ జార్జ్ ఇలవారాకి వెళ్లాడు, సివో ఇంగ్లండ్ వెళ్లాడు. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో మెల్‌బోర్న్ చేతిలో 56-18. చివరికి పదకొండో స్థానంలో తేలారు. మధ్యలో డిలన్ బ్రౌన్ 2026 నుంచి న్యూకాజిల్‌కి పదేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. నేను పైన పేర్లు చెప్పినవాళ్లలో మోజెస్, పాలో మిగిలారు. 2022 చివర్లో పట్టిక మాత్రమే చూసినవాళ్లు ఫైనల్ దాకా వచ్చిన జట్టు కదా, వచ్చే ఏడాది కొడతారు అన్నారు. కాంట్రాక్టులు చూసినవాళ్లు అనలేదు.

పెన్రిత్ వాళ్లకి కూడా ఇదే పరిమితి, వాళ్ల ఆటగాళ్లు కూడా ఏటా వెళ్లిపోతూనే ఉన్నారు కదా, మరి వాళ్లు 2021 నుంచి 24 దాకా వరుసగా నాలుగు కప్పులు ఎలా కొట్టారు అని మీకు సందేహం రావచ్చు. కింది స్థాయి. 2022లో సీనియర్ జట్టే కాదు, వాళ్ల రిజర్వ్ జట్టు, 21 లోపు, 19 లోపు కుర్రాళ్ల జట్లు కూడా ఆయా పోటీల్లో గెలిచాయి. ఒకడు పోతే వాడి స్థానంలో అదే ఆట నేర్చుకున్న కుర్రాడు సిద్ధంగా ఉంటాడు. కుర్రాళ్లకి తక్కువ జీతం సరిపోతుంది. ఈల్స్ బలహీనత అక్కడే ఉందని నా అభిప్రాయం. పెద్ద ఆటగాళ్లని తెచ్చుకోవడం మీద ఉన్న శ్రద్ధ మిగతాదాని మీద కనిపించదు. దీని మీద నాతో గొడవ పడేవాళ్లు చాలామంది ఉన్నారు, మా ఎదురింటాయనతో సహా.

సీజన్ మధ్యలో మీరు కంగారు పడే ఇంకో సంగతి స్టేట్ ఆఫ్ ఆరిజిన్. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ మధ్య మూడు మ్యాచ్‌లు. ఆ వారాల్లో క్లబ్బుల్లో ముఖ్యమైనవాళ్లు ఉండరు, ఉన్నా అలిసిపోయి ఉంటారు. అప్పటి ఫలితాలని మరీ పట్టించుకోకండి. పట్టికలో ఒక జట్టు ఆడకుండానే రెండు పాయింట్లు తెచ్చుకుందని ఆశ్చర్యపోతారు కూడా. ఆ వారం వాళ్లకి సెలవు, దానికీ పాయింట్లు ఇస్తారు. ఎవరికి ఎన్ని సెలవులు అయిపోయాయో చూడకుండా రెండు జట్లని పోల్చకండి.

మెంబర్‌షిప్ విషయానికొస్తే, మొదటి ఏడాది తీసుకోవద్దు. విడిగా టికెట్లు కొనుక్కుని రెండు మూడు మ్యాచ్‌లకి వేర్వేరు చోట్ల కూర్చోండి. కామ్‌బ్యాంక్ స్టేడియం 30 వేల సీట్లది, ఏ మూల కూర్చున్నా ఆట దగ్గరగానే కనిపిస్తుంది. చిన్నపిల్లలుంటే గోల్ వెనక అరిచే బృందాలకి దూరంగా పక్క స్టాండ్ తీసుకోండి. 2024 డిసెంబరులో లైట్ రైల్ మొదలైంది కాబట్టి వెస్ట్‌మీడ్ నుంచి మీకు కారు అక్కర్లేదు, మ్యాచ్ రోజు ఆ చుట్టుపక్కల పార్కింగ్ వెతకడం కన్నా అదే నయం. జులై రాత్రులు చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్ మర్చిపోకండి. ఈస్టర్ సోమవారం టైగర్స్‌తో మ్యాచ్, పెన్రిత్‌తో మ్యాచ్, ఈ రెండూ చూశాక కూడా ఇంకా రావాలనిపిస్తే అప్పుడు మెంబర్‌షిప్ గురించి ఆలోచించండి.

జెర్సీ మాత్రం ఇప్పుడే కొనుక్కోవచ్చు. నీలం, పసుపు మనవాళ్లకి బాగానే నప్పుతాయి. వెనక ఎవరి పేరైనా వేయించుకోవాలనుకుంటే, అతని కాంట్రాక్టు ఏ ఏడాది దాకా ఉందో చూసుకుని వేయించుకోండి.