మేస్త్రీ గారూ, రిమ్ములు గీసుకుపోయాయి!

ప్రశ్న: మేస్త్రీ గారూ, ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో 2019 మోడల్ ఇసుజు వి-క్రాస్ పికప్ కొన్నాను. ఇంజను బాగుంది, బాడీ బాగుంది. కానీ నాలుగు అల్లాయ్ రిమ్ములకూ అంచుల్లో గీతలు, గాట్లు. ఎడమవైపు రెండూ మరీ ఘోరం. ఒక షాపులో పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం) అంటున్నారు, ఇంకో షాపులో కొత్తవి వేయించమంటున్నారు. నేనే ఇంటి దగ్గర బాగుచేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: చేసుకోవచ్చు బాబూ. శ్రీసిటీలో తయారైన బండి, మన రోడ్ల గట్లకు తగలకుండా ఎన్నాళ్ళుంటుంది! ఎడమవైపు దెబ్బలు ఎక్కువున్నాయని టెన్షన్ వద్దు. మనం బండి ఆపేది ఎడమ పక్కనే, ఫుట్‌పాత్ రాయి తగిలేదీ ఆ పక్కనే. కుడివైపు గాట్లు ఎక్కువుంటేనే నాకు అనుమానం. డివైడర్ ఎక్కించారేమోనని బండి కిందికి దూరి సస్పెన్షన్ కూడా చూస్తాను.

రంగు డబ్బా కొనేముందు చక్రం ఊడదీసి వెనక్కి తిప్పండి. అందరూ ముందువైపే చూస్తారు, అసలు సంగతి వెనకవైపు ఉంటుంది. లోపలి అంచు ఎక్కడైనా వంగిందా? సన్నటి పగులు ఉందా? గాలి నింపి, అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పోస్తే బుడగలు వస్తున్నాయా? స్పోకు మీద గానీ నట్ల రంధ్రాల దగ్గర గానీ పగులు కనిపిస్తే ఆ రిమ్మును పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి. వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పోత అల్యూమినియం రిమ్ముకు ఆ గట్టిదనం ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చడం వల్ల వస్తుంది. వెల్డింగ్ మంట తగిలినచోట అది పోతుంది. మా షాపులో ఆ పని చేయం, ఇంకొకరి దగ్గర చేయించుకోమనీ చెప్పం.

పగుళ్ళు లేకపోతే ఇక రంగు సంగతి. మీ బండివి 18 అంగుళాల రెండు రంగుల రిమ్ములైతే, ఆ మెరిసే భాగం రంగు కాదు. అల్యూమినియాన్ని లేత్ మీద చెక్కి, పైన రంగులేని క్లియర్ కోటు కొట్టారు. దీన్నే డైమండ్ కట్ అంటారు. ఆ మెరుపు చేత్తో తిరిగి రాదు, మళ్ళీ లేత్ ఎక్కించాల్సిందే. ఎక్కించిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి అదీ ఒకటి రెండుసార్లకు మించి మంచిది కాదు. కాకినాడ లాంటి సముద్రం గాలి ఊళ్ళో అయితే క్లియర్ ఒక్కచోట లేచినా ఉప్పు తేమ కిందికి దూరి, తెల్లటి చారలు పురుగు పాకినట్టు లోపల్లోపలే సాగుతాయి. అందుకే మీకు నా సలహా, డైమండ్ కట్ ఆశ వదిలేసి నాలుగూ ఒకే సిల్వర్ గానీ గ్రే గానీ చేసేయండి. అందం కొంచెం తగ్గినా ఎక్కువ కాలం ఉంటుంది.

పని ఇలా చేయండి. ముందు షాంపూ నీళ్ళతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో జిడ్డంతా తుడవాలి. జిడ్డు తీయకుండా రుద్దితే అది లోహంలోకే దిగి, తర్వాత రంగు పట్టదు. లేచిన మొనల్ని చదును ఆకురాయితో తీయండి. గ్రైండర్ జోలికి మాత్రం పోవద్దు, అది అర నిమిషంలో పెద్ద గుంట చేస్తుంది. తర్వాత 240 నంబరు ఉప్పు కాగితం, దాని మీద 400. రుద్దిన చోటికీ పాత రంగుకూ మధ్య మెట్టు వేలికి తగలకూడదు. మిల్లీమీటరు లోపు గాట్లకు అల్యూమినియం ఎపాక్సీ పుట్టీ చాలు. టైరు కూర్చునే చోట పుట్టీ పెట్టొద్దు, అక్కడ గాలి లీకవుతుంది. పుట్టీ గట్టిపడ్డాక మళ్ళీ 400, చివర 600 వాటర్ పేపర్ నీళ్ళతో.

టైరు ఊడదీయకుండా చేయాలంటే గాలి తగ్గించి, రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య పాత పేకముక్కలు వరసగా దోపండి. ఆట మానేసిన వాళ్ళింట్లో దొరుకుతాయి! రంగు టైరు మీద పడదు. అల్యూమినియానికి పట్టే ఎచింగ్ ప్రైమర్ ముందు, తర్వాత రంగు, తర్వాత క్లియర్. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది, పల్చగా మూడు నాలుగు పూతలు కొట్టండి. మబ్బు పట్టిన రోజున, తెల్లవారుజామున వద్దు. గాల్లో తేమకు క్లియర్ పాలలా తెల్లబడుతుంది. ఎండెక్కాక మొదలుపెట్టండి. టూ-కె క్లియర్ (గట్టిపడే మందు కలిపి కొట్టేది) వాడితే దానికి తగిన రెస్పిరేటర్, అంటే ఫిల్టరున్న మాస్కు, తప్పనిసరి, మామూలు గుడ్డ మాస్కు చాలదు.

నట్లు కూర్చునే ఏటవాలు అంచుల మీద, రిమ్ము హబ్బుకు ఆనే చోట రంగు పడకుండా టేపు వేయండి. అక్కడ రంగు మందంగా ఉంటే నడుస్తూ నడుస్తూ అది అణిగి, బిగించిన నట్టు వదులవుతుంది. ఆరు నట్లనూ ఎదురెదురుగా బిగించి, ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ పానాతో (బిగువు కొలిచే పానా) మళ్ళీ చూసుకోండి. బ్యాలెన్సింగ్ చేయించండి. వారం దాకా ప్రెజర్ వాష్ వద్దు, యాసిడ్ వాష్ ఎప్పుడూ వద్దు.

పౌడర్ కోటింగ్ మంచిదే, గట్టిగా ఉంటుంది. టైరు తప్పనిసరిగా విప్పాలి. ఓవెన్ వేడి 200 డిగ్రీలు దాటనివ్వకూడదు. వేడి ఎంత పెడతారని అడగండి. సూటిగా చెప్పలేని షాపులో రిమ్ములు ఇవ్వకండి.

ప్రశ్న: పాత లారీ కొన్నాను సార్. 10.00-20 సైజు ట్యూబు టైర్లు, లాక్ రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు) రిమ్ములు. రిమ్ములన్నీ గీసుకుని తుప్పు పట్టాయి. రింగుకు ఒకచోట గాటు ఉంది. టైరు విప్పకుండానే వెల్డింగ్ పెట్టి రంగేద్దామని మా డ్రైవరు అంటున్నాడు.
– లారీ ఓనరు, సూర్యాపేట

జవాబు: ఆ మాట అన్న డ్రైవరును బండికి పది అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. టైరు ఉండగా రిమ్ము మీద వెల్డింగ్ పెడితే, గాలి తీసేసినా సరే, ఆ వేడికి లోపలి రబ్బరు నుంచి గ్యాసు పుట్టి టైరు పేలుతుంది. దీనివల్ల మనుషులు పోయారు.

లాక్ రింగును వెల్డింగ్ చేయకూడదు, సుత్తితో సాగదీయకూడదు. గాటుపడినా, వంగినా, గాడిలో తుప్పు తిన్నా కొత్తది వేయండి. అది ఆ రిమ్ముకు సరిపోయే సైజు, రకమే కావాలి. పక్క లారీ రింగు పట్టిందని పెట్టేయొద్దు. చక్రం నట్లు వదులు చేయకముందే వాల్వ్ పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి. వెనక జోడు టైర్లయితే రెండింటిదీ. తర్వాత రింగు తీసి, గాడిని వైరు బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఎనామిల్ వేయండి. నట్ల దగ్గర రంగు గురించి కాకినాడ ఆయనకు చెప్పిందే మీకూ. ఇక్కడ బరువు ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగా పాటించండి. ఈ టైర్లకు నింపే గాలి 100 పీఎస్ఐ దాటుతుంది. రింగు ఊడి ఎగిరి తన్నితే తల నిలవదు. ఇనుప కేజీలో పెట్టి, పొడుగు పైపుతో పక్కన నిలబడి గాలి కొట్టే షాపుకే వెళ్ళండి.

ప్రశ్న: చూస్తున్న పాత పికప్‌కు నాలుగు రిమ్ములూ కొత్త రంగుతో తళతళలాడుతున్నాయి. మంచిదే కదా?
– కరీంనగర్ నుంచి

జవాబు: గీతలున్న రిమ్మే నాకు ఎక్కువ నచ్చుతుంది, దాని సంగతి కనిపిస్తుంది. ఓనరు ఒప్పుకుంటే చక్రాలు ఒక్కొక్కటే జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. అంచు దగ్గర ఒక పుల్ల కదలకుండా పట్టుకుంటే, ఎంత అటూ ఇటూ ఊగుతోందో తెలుస్తుంది. ఊగితే బేరం తగ్గించండి, లేదా వదిలేయండి. స్టెప్నీ కూడా దించి చూడండి, పాడైన రిమ్మును తీసి అక్కడ దాచే అలవాటు చాలామందికి ఉంది.