హిరోషిమాలో ఒక్క రోజు: అమ్మలుకి బాబాయి ఉత్తరం

విజయవాడ

చి. అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

ఒసాకాలో ట్రైనింగ్ మధ్యలో ఒక రోజు సెలవు దొరికిందనీ, రాత్రి బస్సెక్కి హిరోషిమా చూసొస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. ఒక్కదానివే వెళ్తున్నావని వదినకి టెన్షన్‌గా ఉందట. ఆ ఊళ్ళో నేను కూడా ఒక్కణ్ణే రెండుసార్లు తిరిగాను, నాకేం కాలేదు, దానికేమవుతుందని సర్దిచెప్పాను. కానీ మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పనులు నువ్వు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

2019 నవంబరులో తెల్లారగానే మియాజిమా దీవికి పరిగెత్తాను. సముద్రంలో నిలబడే ఆ ఎర్రటి తోరీ, అంటే మందిరం ముందుండే ద్వారం, చూడాలని. తీరా వెళ్తే మరమ్మతులని చుట్టూ పరంజా కట్టి గుడ్డలు కప్పేశారు. ఊరికి తిరిగొచ్చి శాంతి స్మారక మ్యూజియంలో అడుగు పెట్టేసరికి సాయంత్రం నాలుగు దాటింది. కాళ్ళు పీకుతున్నాయి, లోపల జనం, ఒక పక్క మూసే వేళ ముంచుకొస్తోంది. చూడాల్సినదాన్ని చూడాల్సిన ఓపికతో చూడలేకపోయాను. 2023లో మళ్ళీ వెళ్ళింది అందుకే. అందుకని నా మాట విను: పొద్దున ఊరు, మధ్యాహ్నం దీవి. తిరగెయ్యకు.

బస్సు దిగాక స్టేషన్‌లో లాకర్‌లో బ్యాగు పడెయ్. వంద యెన్ల నాణేలు చేతిలో ఉంచుకో. డబ్బుల లెక్క తేలికే, యెన్ అంటే మన అర్ధరూపాయి మీద కాస్త ఎక్కువ. అక్కణ్ణించి ట్రామ్. నేను వెళ్ళినప్పుడు స్టేషన్ బయట కిందనే ఎక్కేవాళ్ళం. 2025 ఆగస్టు నుంచి ట్రామ్ వంతెన మీదుగా వచ్చి స్టేషన్ భవనం రెండో అంతస్తులోనే ఆగుతోంది. రైల్వేలో 34 ఏళ్ళు చేసినవాణ్ణి కదా, ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. ఊళ్ళో ఎంత దూరమెళ్ళినా ఒకటే టిక్కెట్టు, 240 యెన్లు, దిగేటప్పుడు కట్టాలి. నీ రైలు కార్డులో డబ్బులుంటే సరే. లేకపోతే వెయ్యి నోట్లు దగ్గర పెట్టుకో. చిల్లరిచ్చే మిషను అంతకంటే పెద్ద నోటు తీసుకోదు.

ఇది నాకెలా తెలిసిందంటావా? పదివేల నోటు పట్టుకుని డ్రైవర్ ముందు నిలబడ్డాను. వెనక దిగాల్సినవాళ్ళు ఒక్కళ్ళూ విసుక్కోలేదు. మన బస్సులో అయితే ఎవరో ఒకరు రెండు మాటలనేవాళ్ళు, అదే నయం. ఆ నిశ్శబ్దానికే నాకు తల కొట్టేసినట్టయింది. ఆఖరికి వెనకున్న ఒక ముసలావిడ నా టిక్కెట్టు డబ్బులు కూడా డబ్బాలో వేసేసింది. దిగాక నోటు మార్చి ఇస్తానని సైగ చేస్తే చెయ్యి అడ్డంగా ఊపింది. సంచిలో మీ పిన్ని పెట్టిన పప్పుండలు ఉన్నాయి. ఒకటి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని, వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నువ్వూ నాలుగు పప్పుండలో, జీళ్ళో సంచిలో వేసుకో.

గెంబాకు డోమ్, అంటే అణుబాంబు గుమ్మటం, దగ్గర దిగితే ఎదురుగానే ఆ భవనం. 1915లో యాన్ లెట్సెల్ అనే చెక్ ఆర్కిటెక్ట్ కట్టింది, అప్పట్లో వస్తు ప్రదర్శనశాల. బాంబు దాదాపు నెత్తిమీదే, 600 మీటర్ల ఎత్తులో పేలింది. దెబ్బ పైనుంచి నిలువునా పడబట్టి గోడలు కొన్ని నిలిచాయంటారు. దాని చుట్టూ తిరిగి ఏటి ఒడ్డున కూర్చో. పొద్దున ఎనిమిదీ పదిహేనుకి అక్కడి శాంతి పార్కులో గడియార స్తంభం మోగుతుంది, రోజూ. 1945 ఆగస్టు 6న అది బాంబు పడిన నిమిషం. ఆఫీసుకెళ్ళేవాళ్ళు సైకిళ్ళ మీద వంతెన దాటుతూనే ఉంటారు. ఆ వేళకి అక్కడ ఉండు.

ఎనిమిదిన్నరకి మ్యూజియంలోకి వెళ్ళు. ఏడున్నరకే తీస్తారు కానీ మొదటి గంట ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకున్నవాళ్ళకే. టిక్కెట్టు 200 యెన్లు. కనీసం రెండు గంటలు పెట్టుకో. అన్నీ చూడనక్కర్లేదు. లోపల ఒక టిఫిన్ డబ్బా ఉంది, ఒరిమెన్ షిగేరు అనే పదమూడేళ్ళ పిల్లవాడిది. ఆ పొద్దున తినకుండానే పోయాడు. మూడు రోజుల తర్వాత వాళ్ళమ్మ వాణ్ణి వెతికి పట్టుకుంటే, డబ్బా శరీరం కిందే ఉంది. లోపల అన్నం బొగ్గయిపోయి ఉంది. గిన్నెలో అన్నం అడుగంటితే గోకుతాం చూడు, ఆ రంగు కాదు, అసలైన బొగ్గు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒకవేళ నీకు చూడలేకపోతే పక్కకెళ్ళి కిటికీల దగ్గర కూర్చో, తప్పేం లేదు. చాలామంది అలాగే కూర్చుంటారు.

బయటికొచ్చాక వెంటనే తిండి జోలికెళ్ళకు, సహించదు. పార్కులోనే రెస్ట్ హౌస్ ఉంది. బాంబు పేలిన చోటుకి 170 మీటర్లు. ఆ పొద్దున కాగితాల కోసం నేలమాళిగలోకి దిగిన ఒక ఉద్యోగి బతికాడు. ఆ నేలమాళిగని ఊరికే చూడనిస్తారు, పైన మంచినీళ్ళు, టాయిలెట్లు ఉంటాయి. అలా అరగంట గడిచాక తిండి సంగతి చూద్దువుగాని.

ఇక్కడ తినాల్సింది ఒకొనొమియాకి. పేరు చూసి బెదరకు. పెసరట్టులో ఉప్మా పెట్టినట్టు, పల్చటి అట్టు మీద కొండంత క్యాబేజీ, మొలకలు, నూడుల్స్, గుడ్డు పేర్చి పెనం మీద నొక్కుతారు. యుద్ధం తర్వాత తిండికి కటకటలాడిన రోజుల్లో పిండితో కడుపు నింపుకున్న ఊరు ఇది. ఆ అట్టు అలా పెరిగి ఇలా అయింది. మామూలుగా పంది మాంసం వేస్తారు. నువ్వు గుడ్డు తింటావు, మాంసం తినవు కాబట్టి కూర్చోగానే 'నికు నాషి' అను, మాంసం వద్దని. కానీ ఒక మాట దాచను. అట్టు మీద చల్లే పొడిలో ఎండు చేప ఉంటుంది, సాస్‌లోనూ మాంసం సారం ఉండచ్చు. నీ పట్టింపు ఎంతో నువ్వే తేల్చుకో. కుదరదనుకుంటే కన్వీనియెన్స్ స్టోర్‌లో ఉమె ఒనిగిరి తీసుకో. అన్నం ముద్ద మధ్యలో పుల్లటి పండు, మన ఉసిరికాయ ఊరగాయకి దూరపు చుట్టం. కాగితం మీద 1, 2, 3 అంకెలుంటాయి, ఆ వరసలోనే విప్పు. నేను తొందరపడి లాగితే అన్నం చేతిలో, పైన చుట్టే సముద్రపు నాచు కాగితంలో మిగిలాయి. చెత్తబుట్టలు ఎక్కడా కనబడవు, ఒక ఖాళీ కవరు దగ్గరుంచుకో.

డోమ్ దగ్గర రెండో నంబరు ట్రామ్ ఎక్కితే తిన్నగా మియాజిమాగుచి తీసుకెళ్తుంది, దీవికి పడవలెక్కే రేవు అదే. గంట లోపే. ఊరు దాటాక దూరాన్నిబట్టి ఛార్జీ. కునుకు తియ్యి, ఆఖరి స్టాపే కాబట్టి దిగడం మర్చిపోయే భయం లేదు. పడవకి వెళ్ళేటప్పుడు 200 యెన్లు, పైన దీవి పన్ను 100. జేఆర్ (జపాన్ రైల్వే) పడవే ఎక్కు, పగలు వెళ్ళేటప్పుడు తోరీకి దగ్గరగా తిప్పి తీసుకెళ్తుంది. కుడి పక్కన నిలబడు.

బయల్దేరే ముందు రాత్రే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకో. ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యకు. పోటు మీద ద్వారం నీళ్ళల్లో తేలుతున్నట్టుంటుంది, ఫొటోలన్నీ అవే. నాకు మాత్రం ఆటు మీదే బాగుంది. నీళ్ళు వెనక్కి వెళ్ళాక తడి ఇసకలో నడిచి స్తంభం దాకా వెళ్ళచ్చు. దూరం నుంచి నున్నగా కనిపించే కర్పూర చెట్టు మాను దగ్గరికెళ్తే మెలికలు తిరిగి, కింద పడవ అడుగుకి పట్టినట్టు తెల్లగా గుల్లలు పట్టి ఉంటుంది. స్తంభాలు లోతుగా పాతినవి కావు, సొంత బరువుతోనే 1875 నుంచి నిలబడ్డాయి. బురద ఉంటుంది, ఆ తెల్ల బూట్లు వేసుకెళ్ళకు.

ఆ ద్వారం వెనకున్న ఇత్సుకుషిమా మందిరం టిక్కెట్టు 300. 1168లో తైరా నో కియొమొరి అనే సేనాని ఇప్పుడున్న తీరులో కట్టించాడు. ఒకసారి నడిచొస్తే చాలు. కొండ మీదికి రోప్‌వే ఎక్కకు, ఖర్చూ ఎక్కువే, టైమూ చాలదు. దానికి బదులు దైషో-ఇన్ గుడికి వెళ్ళు. ఊరికే. మెట్ల వారన బౌద్ధ సూత్రాలు రాసిన చక్రాలుంటాయి, చేత్తో తిప్పుతూ ఎక్కుతారు. అల్లిన టోపీలు పెట్టుకున్న రాతి విగ్రహాలు వరసగా కూర్చునుంటాయి. అక్కడ నేను గంటసేపు ఉన్నాను, మందిరంలో పావుగంట. జింకలు ముద్దుగానే ఉంటాయి కానీ చేతిలో కాగితం కనబడితే నమిలేస్తాయి, టిక్కెట్లు లోపల పెట్టుకో.

తిరుగు ప్రయాణంలో ట్రామ్ వద్దు, జేఆర్ రైలెక్కు. 420 యెన్లు, అరగంట పట్టదు. మొత్తం తిండితో సహా నాలుగు వేలకి అటూ ఇటూ అవుతుంది, ఒసాకా బస్సు కాక. ఫోన్ ఛార్జింగ్ నిండుగా ఉంచుకుని రాత్రి బస్సెక్కగానే వదినకి మెసేజ్ పెట్టు. నాక్కాదు, వదినకి.

ఇంకో పని ఉంది, ఇది నా స్వార్థం. బాంబు పడిన మూడో రోజే, ఆగస్టు 9న, కోయి నుంచి నిషి-తెన్మా దాకా ట్రామ్ మళ్ళీ నడిపారు. మగవాళ్ళు చాలామంది యుద్ధానికి పోతే ట్రామ్ కంపెనీ బడి పెట్టి చేర్చుకున్న ఆడపిల్లలు అప్పట్లో డ్రైవర్లుగా, కండక్టర్లుగా పనిచేసేవాళ్ళు. నీకంటే చిన్నవాళ్ళు. ఆనాడు దెబ్బతిని బాగుపడ్డ ట్రామ్‌లలో 651, 652 నంబర్లవి ఇప్పటికీ పొద్దున రద్దీ వేళ అప్పుడప్పుడు తిరుగుతాయి. రెండుసార్లు కాపు కాసినా నాకు కనబడలేదు. నీకు కనబడితే ఎక్కడానికి పరిగెత్తకు, ముందు నంబరు కనబడేలా ఫొటో తియ్యి.

మీ బాబాయి