ఆ ఉదయం ఏడవనివాళ్లు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. గ్లాస్గోలో చదువుకుంటూ, స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014లో జరిగిన రెఫరెండం ఫలితం వచ్చిన రోజు గురించి ఊళ్లో వాళ్లను అడిగి తెలుసుకుని, దాన్ని తెలుగులో రాయాలని నీకు తోచినందుకు చాలా సంతోషించాను. దూరదేశాల సంగతులు మనకు సాధారణంగా ఏజెన్సీ వార్తల్లోంచే చేరతాయి. అక్కడే ఉండి, చెవితో విని రాసేవాళ్లు కావాలి.

అయితే నీ మొదటి వాక్యాన్ని కొట్టెయ్యాలి. "ఆ ఉదయం స్కాట్లాండ్ ఏడ్చింది" అని మొదలుపెట్టావు. ఏడవలేదమ్మా. సెప్టెంబర్ 18న ఓటు వేసినవాళ్లలో 20,01,926 మంది స్వాతంత్ర్యం వద్దన్నారు. కావాలన్నవాళ్లు 16,17,989 మంది. శాతాల్లో చెబితే 55.3, 44.7. ఏడ్చినవాళ్లు ఉంటే ఈ రెండో లెక్కలోనే ఉండాలి, వాళ్లలోనూ అందరూ ఏడ్చి ఉండరు. మరి ఆ మొదటి ఇరవై లక్షల మంది నీ వ్యాసంలో ఎక్కడున్నారు? పదకొండు పేజీలు రాశావు. వాళ్లకు దక్కింది ఒక్క వాక్యం: "గెలిచినవారు సంబరాలు చేసుకున్నారు." ఆ వాక్యాన్ని నువ్వు ఎవరి నోటా విని రాయలేదని చదవగానే తెలిసిపోయింది.

ఎందుకు ఇలా జరుగుతుందో చెబుతాను. ఓడినవాళ్ల దుఃఖం కంటికి కనిపిస్తుంది. జెండా కప్పుకుని మెట్ల మీద కూర్చున్న కుర్రవాడు, కిటికీకి అంటించిన 'ఎస్' కాగితాన్ని తీయడానికి చేతులు రాని గృహిణి, వీళ్లు ఫొటోలో పడతారు. ఊరటకు అలాంటి బొమ్మ ఏదీ లేదు. ఆ రోజు శుక్రవారం. 'నో' అని ఓటు వేసిన మనిషి పొద్దున్నే ఫలితం విని, ఊపిరి పీల్చుకుని, కోటు తొడుక్కుని పనికి వెళ్లి ఉంటాడు. పక్క కుర్చీలో రాత్రంతా నిద్రలేని స్నేహితుడు కూర్చుని ఉన్నప్పుడు తన సంతోషాన్ని బయటపెట్టడం మర్యాద కాదనుకుని ఉంటాడు. ఆ మర్యాదను రాయడం కష్టం. కష్టమైనది కాబట్టే అది నీ పని.

నీ వ్యాసంతో పాటు నీ నోట్సు కూడా పంపావు చూడు, అది మంచి పని చేశావు. అందులో నువ్వుండే వీధి చివర బేకరీ నడిపే ఆవిడ ఉంది. ఆవిడ 'నో', కొడుకు 'ఎస్'. ఫలితం వచ్చిన పొద్దున కొడుకు లేచే వేళకు ఆవిడ వంటింట్లో టీవీ పెట్టలేదు. టీ పోసి ఇచ్చింది. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. అంతే రాసుకున్నావు, నాలుగు వరుసలు. ఈ నాలుగు వరుసలు వ్యాసంలోకి రాలేదు! గ్లాస్గో నడిబొడ్డున ఉన్న చౌరస్తా జార్జ్ స్క్వేర్ గురించి మాత్రం రెండు పేజీలు రాశావు.

జార్జ్ స్క్వేర్‌ను తీసెయ్యమనను. 19 సాయంత్రం అక్కడ జరిగింది చిన్న విషయం కాదు. 'ఎస్' వాళ్లు గుమిగూడిన చోటికి బ్రిటిష్ జెండాలతో మరో గుంపు వచ్చి పడటం, పోలీసులు నడుమ గోడకట్టి నిలబడటం, అరెస్టులు, అన్నీ రాయాల్సినవే. కానీ అదే చౌరస్తాకు ఆ తర్వాత జనం సరుకుల సంచులు తెచ్చి పెట్టారు, ఫుడ్ బ్యాంకుల కోసం. ఓడిపోయిన బాధను ఏం చేసుకోవాలో తెలియక, పప్పు డబ్బాలు, పాస్తా ప్యాకెట్లు కొనుక్కొచ్చి ఆకలిగా ఉన్నవాళ్ల కోసం వదిలి వెళ్లారు. నీ రెండు పేజీల్లో ఈ సంచులు లేవు. గొడవ జరిగిన సాయంత్రంతోనే చౌరస్తా కథ అయిపోయిందనుకున్నావు. ఏ చోటికైనా మర్నాడు కూడా వెళ్లి చూడాలి, ఆ మరునాడూ వెళ్లాలి. పన్నెండేళ్లనాటి రోజు గురించి రాస్తున్నా సరే, "తర్వాత ఏమైంది?" అని అడగడం మానకూడదు.

అంకెల సంగతి. నువ్వు అంకెలను బాగానే ఇచ్చావు, కానీ ఒక అంకె నీ చేత తప్పు చేయించింది. "16, 17 ఏళ్ల పిల్లల్లో 71 శాతం స్వాతంత్ర్యానికే ఓటు వేశారు" అని రాసి, దాని మీద ఒక పేరా కట్టేశావు. పిల్లల కలను ముసలివాళ్లు తొక్కేశారన్నావు. ఆ లెక్క ఓటింగు తర్వాత జరిపిన ఒక సర్వే లోనిది. అందులో మొత్తం రెండు వేల పైచిలుకు మందిని అడిగారు. వాళ్లలో ఆ వయసు పిల్లలు ఎంతమందో తెలుసా? పద్నాలుగు మంది. పద్నాలుగు మంది పిల్లల మాట లక్ష మంది పిల్లల మాటగా లోకమంతా తిరిగింది, ఎందుకంటే ఆ కథ వినసొంపుగా ఉంది. మనసుకు మరీ నచ్చిన అంకె ఎదురైతే దాని పుట్టుక ఎక్కడో వెతుకు. ఆ పేరా మొత్తం తీసెయ్యి. నాకు తెలుసు, నీ వ్యాసంలో అన్నిటికంటే అందమైన పేరా అదే.

దాని బదులు ఇన్వర్‌క్లైడ్ ప్రాంతాన్ని తీసుకో. గ్లాస్గో నుంచి రైల్లో వెళ్లొచ్చు, నది వెంబడే. అక్కడ కావాలన్నవాళ్లు 27,243 మంది. వద్దన్నవాళ్లు 27,329 మంది. తేడా 86. ఎనభై ఆరు మంది అంటే మన పల్లెలో ఒక పెళ్లి పందిట్లో కూర్చునే జనం. అక్కడ ఎవరు ఎవరి వైపు చూసినా సగం సగమే. గ్లాస్గో, డండీ 'ఎస్' అన్నాయి, ఎడిన్‌బరా గట్టిగా 'నో' అంది, వాటి గురించి అందరూ రాశారు. సరిగ్గా నడిమికి చీలిన చోట మర్నాడు మంగలి షాపులో, బడి గేటు దగ్గర ఏం మాట్లాడుకున్నారు? ఒకరోజు అక్కడ గడిపి రా. ఎవరూ ఏమీ చెప్పకపోతే, చెప్పలేదనే రాయి.

ఇంకో మాట '45' గురించి. ఫలితం తర్వాత కొద్ది రోజుల్లోనే ఓడినవాళ్లలో చాలామంది ఆ అంకెను తమ పేరుగా పెట్టుకున్నారు. "మేము నలభై ఐదు" అన్నారు. నువ్వు దీన్ని ఆత్మగౌరవానికి గుర్తుగా రాశావు. అది నిజమే, కానీ సగం నిజం. వాళ్ల వైపు వాళ్లే కొందరు వద్దన్నారు. ఓటమి లెక్కను పేరుగా తగిలించుకుంటే రేపు మిగిలిన యాభై ఐదులోంచి మన దగ్గరకు ఎవరు వస్తారు, తలుపు మనమే వేసుకున్నట్టు కాదా అని వాదించారు. ఒక అంకె పేరుగా మారడం, ఆ పేరు కంచెగా మారడం: భాషతో పని చేసేవాళ్లం, మనకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఉందా? ఆ వాదనకు రెండు పేజీలు ఇవ్వు. నాయకుల ప్రసంగాలను కుదించు.

నాయకుల మాట ఎప్పుడు కావాలంటే, అది జనం మధ్య గీత గీసినప్పుడు. స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) అప్పటి నాయకుడు అలెక్స్ సాల్మండ్ ఓటమిని ఒప్పుకుని, పదవి వదులుకుంటానని ఆ రోజే ప్రకటించాడు. అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ తెల్లవారగానే ఇంట్లోంచి బయటకు వచ్చి, ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ సభ్యుల ఓట్లే ఉండాలనే బేరం మొదలుపెట్టాడు. ఆ తొందర తప్పని నా నమ్మకం. కానీ వీటన్నిటికంటే నీకు పనికొచ్చేది క్యూబెక్ ఉదాహరణ, కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రం. విడిపోవాలా అని అడిగితే 1995 అక్టోబర్ 30న అక్కడ 'నో' 50.58 శాతంతో గెలిచింది. తేడా 54,288 ఓట్లు. చెల్లని ఓట్లు అంతకంటే ఎక్కువ, 86,501. ఇంత దగ్గరగా వచ్చి ఓడిన రాత్రి, విడిపోదామన్న ఆ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) జాక్ పరిజో మాంట్రియల్‌లో వేదిక ఎక్కి, మనల్ని ఓడించింది డబ్బు, కొన్ని జాతుల ఓట్లు అన్నాడు. మర్నాడు రాజీనామా ప్రకటించాడు. ఆ రాత్రి ఆ మాట టీవీలో విన్న హైతీ మనిషినో, ఇటలీ నుంచి వచ్చిన తాతనో ఊహించుకో. మర్నాడు ఫ్రెంచ్ మాట్లాడే పొరుగువాడితో లిఫ్టులో ఎలా నిలబడి ఉంటాడు?

ఇది ఎందుకు చెబుతున్నానంటే, గ్లాస్గోలో నువ్వు ఇంకా వెళ్లని ఇళ్లు ఉన్నాయి. స్కాట్లాండ్‌లో ఓటును పుట్టుకను బట్టి ఇవ్వలేదు, నివాసాన్ని బట్టి ఇచ్చారు. అక్కడే పుట్టి లండన్‌లో ఉంటున్నవాళ్లకు ఓటు లేదు. భారత పాస్‌పోర్టుతో అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఉంది. ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు డాక్టర్లలో ఆ రోజు ఓటు వేసినవాళ్లు తప్పకుండా ఉంటారు. ఈ దేశం ఉండాలా, విడిపోవాలా చెప్పమని నిన్నగాక మొన్న వచ్చిన మనిషిని అడిగితే లోపల ఏం కదిలింది? హక్కు అనిపించిందా, మోయలేని బరువు అనిపించిందా? ఫలితం వచ్చాక వార్డులో రోగులు "మీరు ఎటు వేశారు డాక్టర్" అని అడిగితే ఏం చెప్పారు? తెలుగులో రాస్తున్నదానివి, ఈ ప్రశ్న నువ్వు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

తెలంగాణతో పోల్చిన పేరా కూడా తీసెయ్యమనే చెబుతాను. రెండూ ఒకే ఏడాదివి కావడంతో నీకు పోలిక తోచింది. కానీ అక్కడ అడిగింది వేరే దేశం, ఇక్కడ అడిగింది ఒకే దేశంలో వేరే రాష్ట్రం. అక్కడ ప్రతి ఒక్కరినీ ఓటు అడిగారు, ఇక్కడ పార్లమెంటు చట్టం చేసింది. ఈ తేడాలు చెప్పకుండా పోలిస్తే రెండింటికీ అన్యాయం. ఆ అనుభవం నీ చూపులో ఉండాలి. కాగితం మీదకు రానక్కర్లేదు.

నా అనుభవం చెబుతాను, నీకోసమే. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైన సాయంత్రం మా అపార్ట్‌మెంటులో పై అంతస్తు వాళ్లు మిఠాయి తెచ్చారు. తిన్నాను, సంతోషంగానే తిన్నాను. వీధిలోకి వెళ్లి రంగులు, డప్పులు, కన్నీళ్లు చూసి వచ్చి ఆ రాత్రే వ్యాసం రాశాను. అందరూ బాగుందన్నారు. మా ఎదురింటి వాళ్లది గుంటూరు జిల్లా. ఆ సాయంత్రం వాళ్ల తలుపు ఏడు గంటలకే మూసి ఉంది. నేను చూశాను, రాయలేదు. మూడేళ్ల తర్వాత ఆవిడ ఆ వ్యాసం చదివి, "ఆ రోజు మేమూ ఇక్కడే ఉన్నాం కదండీ" అంది. కోపంగా అనలేదు. ఆ ఒక్క మాట ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నట్టే ఉంటుంది.

ఇంకొకటి గుర్తుంచుకో. గెలుపు అంటే సంబరమే అన్న అలవాటు నీకు పోవాలంటే అప్పట్లో ఇండోనేషియా ఆక్రమణలో ఉన్న తూర్పు తిమోర్ గురించి చదువు. 1999 ఆగస్టు 30న అక్కడ ఓటింగు జరిగింది. 78.5 శాతం మంది ఇండోనేషియా ఇస్తానన్న స్వయంప్రతిపత్తిని కాదని స్వాతంత్ర్యం వైపు నిలిచారు. సెప్టెంబర్ 4న రాజధాని దిలీలో ఫలితం ప్రకటించారు. గెలిచినవాళ్లు వీధుల్లోకి రాలేదు. మూటాముల్లె సర్దుకుని కొండలెక్కారు. ఇండోనేషియా వైపున్న సాయుధ ముఠాలు, మిలీషియాలు, ఇళ్లు తగలబెట్టడం మొదలుపెట్టాయి, ఊళ్లకు ఊళ్లు బూడిదయ్యాయి. ఒక జాతి తన జీవితంలో అతి పెద్ద గెలుపును అడవిలో, పిల్లల నోళ్లు మూసిపట్టుకుని విన్నది.

స్కాట్లాండ్‌లో అదృష్టవశాత్తూ అలాంటిది ఏదీ లేదు. అయినా అక్కడ కూడా ప్రతిస్పందన ఒక్క ఉదయంలో అయిపోలేదు. ఓడిన ఎస్‌ఎన్‌పీలో సభ్యులు పాతిక వేల నుంచి కొన్ని వారాల్లోనే మూడింతలయ్యారు. 2015 మేలో ఆ పార్టీ స్కాట్లాండ్‌లోని 59 పార్లమెంటు స్థానాల్లో 56 గెలిచింది. ఓడినవాళ్లు ఇంత పెరుగుతుంటే, 'నో' అన్నవాళ్లకు ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయి? గెలిచామా, లేదా అనిపించలేదా? బేకరీ ఆవిడను అడుగు.

ఆవిడ దగ్గరకు మళ్లీ వెళ్లు. ఈసారి నోట్‌బుక్కు తీయకు, రొట్టె కొనుక్కో. కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో అడుగు. ఆ రోజు వంటింట్లో టీవీ మళ్లీ ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో అడుగు. నీ వ్యాసం అక్కడ మొదలవుతుందని నాకు అనిపిస్తోంది. తిరగరాసి పంపు, తొందర లేదు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు