బాగా మాట్లాడేవాళ్ల మాటే ఎందుకు నెగ్గుతుంది?

మీరు అడిగింది ఇది: టీమ్‌లో పని బాగా తెలిసినవాళ్ల కంటే ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడేవాళ్ల మాటే చెల్లుతోంది, భాషకి నిజంగా అంత పవర్ ఉందా, లేక ఇదంతా నా అసూయా అని. అసూయ కాదండి. కానీ ఇంగ్లీషు ఒక్కటే కారణం అనుకుంటే సగమే చూసినట్టు.

నేను చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కోఆర్డినేటర్‌గా ఉన్నాను. నా పనిలో పెద్ద భాగం మీటింగుల్లో కూర్చుని మినిట్స్, అంటే చర్చల రికార్డు, రాయడం. ఎవరూ కోరి తీసుకునే పని కాదు. అయితే ఎవరు ఏమన్నారో, అందులో ఏది రికార్డులోకి ఎక్కిందో రెండూ పక్కపక్కన చూసేది మినిట్స్ రాసేవాళ్లే. అందుకే ఈ విషయం మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ఇంగ్లీషు సంగతికి ముందు మెత్తగా మాట్లాడటం గురించి చెప్పాలి. ఒక రిలీజ్ మీద అనుమానం వస్తే మేనేజరు "దీన్ని ఆపండి" అంటారు. అదే అనుమానం కొత్తగా చేరిన టెస్టరుకి వస్తే "ఒకసారి లోడ్ టెస్ట్ రిజల్ట్స్ కూడా చూసుకుంటే బాగుంటుందేమో" అంటుంది. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే. మొదటిది నిర్ణయంగా మినిట్స్‌లోకి వెళ్తుంది. రెండోది సలహాలా వినబడి, "చూద్దాం" అన్న జవాబుతో అక్కడే ఆగిపోతుంది. తర్వాత సిస్టమ్ పడిపోయినప్పుడు "ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆమెనే అడుగుతారు. ఆమె చెప్పింది. ఆ స్థాయిలో ఉన్న మనిషి ఎంత గట్టిగా చెప్పగలదో అంత గట్టిగానూ చెప్పింది. ఇక్కడ ఇద్దరూ మాట్లాడింది ఒకే భాష అని గమనించండి.

ఈ తేడాని విమానయాన రంగం మిగతా అందరికంటే ముందు సీరియస్‌గా పట్టించుకుంది, ఎందుకంటే అక్కడ ప్రాణాలు పోయాయి. ఊటె ఫిషర్, జూడిత్ ఒరసాను అనే పరిశోధకులు పైలట్లకి ప్రమాదకరమైన సందర్భాలు ఇచ్చి, పక్కనున్న పైలట్‌కి ఎలా చెబుతారని అడిగారు. కెప్టెన్లు ఎక్కువగా ఆజ్ఞాపించారు, వాళ్ల కింద పనిచేసే ఫస్ట్ ఆఫీసర్లు ఎక్కువగా సూచనలతో సరిపెట్టారు. ఎదురుగా ఉన్న ప్రమాదం మాత్రం ఇద్దరికీ ఒకటే.

1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్‌కి వచ్చిన ఆవియాంకా 52 విమానం కథ ఈ చర్చలో తప్పకుండా చెప్పుకోవాల్సింది. వాతావరణం బాగాలేక దాన్ని గంటకి పైగా గాల్లోనే తిప్పారు. ఫస్ట్ ఆఫీసర్ తన కెప్టెన్‌తో స్పానిష్‌లోనూ, నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లతో ఇంగ్లీషులోనూ మాట్లాడుతున్నాడు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ అడిగాడు. రేడియోలో వెళ్లింది మాత్రం ఇంధనం అయిపోతోందన్న సమాచారమే, అదీ వేరే సంగతికి తోకలాగా. ఎమర్జెన్సీ ప్రకటన వెళ్లలేదు. కంట్రోలర్లు దాన్ని ఎమర్జెన్సీగా తీసుకోలేదు. ఇంజన్లు ఆగి విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. అందులో ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు. రెండు భాషల మధ్య, ఇద్దరు పెద్దల మధ్య నిలబడి మాట్లాడాల్సిన మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో నాకు ఇంతకంటే స్పష్టంగా చూపించిన ఉదాహరణ లేదు. ఆఫీసుల్లో ప్రాణాలు పోవు కాబట్టి ఇలాంటివి ఎవరూ లెక్క రాయరు.

ఇక ఇంగ్లీషు దగ్గరికి వద్దాం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ప్రొఫెసరు త్సెడల్ నీలీ, ఇంగ్లీషుని కంపెనీ భాషగా పెట్టుకున్న ఒక ఫ్రెంచ్ టెక్నాలజీ సంస్థలో ఉద్యోగుల మీద అధ్యయనం చేశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకి తమ స్థాయి తగ్గిపోయినట్టు అనిపించిందట. ఇందులో విశేషం ఏమిటంటే, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకే కాదు, బాగా వచ్చినవాళ్లకి కూడా అలాగే అనిపించింది. అంటే "ఇంకొంచెం ప్రాక్టీస్ చేస్తే సరిపోతుంది" అని మనకిచ్చే సలహా పూర్తి నిజం కాదు. జపాన్‌లో రకుటెన్ సంస్థ అధినేత హిరోషి మికితాని 2010లో కంపెనీ మొత్తం ఇంగ్లీషులోకి మారాలని ప్రకటించి, రెండేళ్ల గడువు పెట్టారు. పరీక్షలో అనుకున్న స్కోరు రాకపోతే హోదా తగ్గే అవకాశం ఉందన్నారు. నిన్నటిదాకా తన విభాగంలో దిట్ట అనిపించుకున్న మనిషి, పనిలో ఏమీ మారకుండానే, ఒక్క ప్రకటనతో మళ్లీ విద్యార్థి అయిపోయాడు. గ్లోబల్ వ్యాపారానికి అది అవసరమేనని వాదించొచ్చు, ఆ వాదనలో బలం కూడా ఉంది. కాకపోతే ఆ మార్పు ఖర్చుని కొందరి మీదే వేశారని ఒప్పుకోవాలి.

నేను మీటింగుల్లో చూసేది ప్రధానంగా టైమింగ్ సమస్య. మనసులో వాక్యం పేర్చుకుని నోరు తెరిచేసరికి చర్చ రెండు స్లైడ్లు ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. మా ప్రాజెక్టులో ఒక డేటాబేస్ ఇంజనీరు ఉండేవారు. మీటింగులో నోరు విప్పేవారు కాదు. బయటికి రాగానే చాట్‌లో తన భాషలో, సమస్య ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేయాలో పూసగుచ్చినట్టు రాసేవారు. ఆ చాట్ చదివిన ఇంకొకాయన మర్నాడు మీటింగులో అదే సంగతి ఇంగ్లీషులో అందంగా చెప్పేవారు. దొంగతనం అనను, చాలాసార్లు ఆయన "ఫలానావారు చెప్పినట్టు" అని మొదలుపెట్టేవారు కూడా. అయినా అప్రైజల్ వచ్చేసరికి అందరికీ గుర్తున్నది చెప్పిన గొంతే. ఇది గమనించాక నేను మినిట్స్‌లో ఆలోచన ఎవరిదో పేరుతో రాయడం మొదలుపెట్టాను. చిన్న పనే, కానీ కొందరికి అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మినిట్స్ సంగతి వచ్చింది కాబట్టి, భాషకి అసలు పవర్ ఉండేది మాట్లాడేటప్పుడు కాదు, రాసేటప్పుడు అని నా నమ్మకం. వాక్యంలో కర్త ఎవరో చూడండి. కింది ఉద్యోగి తప్పు చేస్తే "రవాణా మాడ్యూల్‌లో ఫలానా వ్యక్తి చెక్ చేయలేదు" అని ఉంటుంది. పైవాళ్ల నిర్ణయం బెడిసికొడితే "గడువు అంచనా వేయడంలో కొంత తేడా జరిగింది" అని ఉంటుంది. జరిగింది, అంతే. గాలివానలాగా దానంతట అదే. విజయం వస్తే ఇది తలకిందులవుతుంది: "నాయకత్వం ముందుచూపుతో సాధించింది", "టీమ్ సహకారం లభించింది". ఉద్యోగాలు తీసేసినప్పుడైతే తీసేసినవాడే ఉండడు, "రీస్ట్రక్చరింగ్ చేపట్టబడింది" అంటారు. డ్రాఫ్ట్ పంపించాక నాకు తిరిగొచ్చే దిద్దుబాట్లలో అంకెల గురించి వచ్చేవి తక్కువ. ఎక్కువగా వచ్చేవి వాక్యంలోంచి ఒక పేరు తీసేయమనే. ఎవరి పేరు తీయించే హక్కు ఎవరికుందో చూస్తే ఆ ఆఫీసులో పెద్దలెవరో తెలిసిపోతుంది, ఆర్గనైజేషన్ చార్ట్ అక్కర్లేదు.

పిలుపుల సంగతి కూడా చాలామంది అడుగుతారు: సార్, మేడమ్ తీసేసి అందరినీ పేరుతో పిలిస్తే సమానత్వం వస్తుందా అని. స్వీడన్‌లో 1967లో బ్రూర్ రెక్సెడ్ దేశ వైద్య శాఖ అధిపతిగా చేరినప్పుడు, ఉద్యోగులందరినీ చనువుగా ఏకవచనంలోనే పిలుస్తానని ప్రకటించారు. అప్పటికే మొదలైన మార్పుకి అది గుర్తుగా నిలిచింది. శాంసంగ్ 2016లో, హోదా పేర్లు మానేసి ఉద్యోగులు ఒకరినొకరు పేరుకి ఒకే రకం గౌరవవాచకం చేర్చి పిలుచుకోవాలని ప్రకటించింది. మంచిదే. కానీ నేను పనిచేసిన చోట్ల బాస్‌ని పేరు పెట్టి పిలిచిన గదుల్లోనే జనం ఎక్కువ భయపడటం చూశాను. హోదా కనబడకుండా పోయింది తప్ప అది చేసే పని ఆగలేదు. కనబడనిదాన్ని ప్రశ్నించడం ఇంకా కష్టం.

మరి ఏది పనిచేస్తుంది? నేను చూసినంతలో, గౌరవం మనిషికి కాకుండా వాక్యానికి ముందుగానే కట్టబెట్టిన చోట మార్పు కనిపిస్తుంది. 1979లో నాసా నిర్వహించిన వర్క్‌షాప్ తర్వాత విమానయాన సంస్థలు కాక్‌పిట్ సిబ్బందికి కొత్తరకం శిక్షణ మొదలుపెట్టాయి, 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ముందుగా. కిందివాళ్లు స్పష్టంగా అభ్యంతరం చెప్పడం, పైవాళ్లు వినడం రెండూ ఉద్యోగంలో భాగమే అని నేర్పారు. ఆసుపత్రుల్లో కూడా ఒక పద్ధతి నేర్పుతారు: ముందు "నాకు ఆందోళనగా ఉంది", వినకపోతే "ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు", అప్పటికీ వినకపోతే "ఇది రోగి భద్రతకి సంబంధించిన విషయం". ఈ మూడో వాక్యం ఎవరి నోట వచ్చినా అందరూ ఆగాలి. సర్జన్‌కి ఎదురుచెప్పాలంటే నర్సుకి ధైర్యమో, వాక్చాతుర్యమో ఉండాలన్న అవసరం అక్కడ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతివారూ తమ పేరు, పాత్ర చెప్పుకోవాలని ఉంటుంది. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ ఘనత పరిచయాలదే అనలేం, చెక్‌లిస్టులో ఇంకా చాలా అంశాలున్నాయి. కానీ ఒకసారి నోరు విప్పిన మనిషి రెండోసారి విప్పడం తేలిక, దీన్ని నేను ప్రతి మీటింగులోనూ చూస్తాను.

మా టీమ్‌లో దీన్నే చిన్న స్థాయిలో ప్రయత్నించాం. "ఆపమంటున్నాను, కారణం ఇది" అని ఎవరన్నా, ఏ భాషలో అన్నా, మినిట్స్‌లో విడిగా ఎక్కాలి, దాని పక్కన మేనేజరు జవాబు కూడా ఎక్కాలి. మొదట్లో ఎవరూ వాడలేదు. తర్వాత పైన చెప్పిన డేటాబేస్ ఇంజనీరే వాడారు, రెండు ముక్కల్లో, వ్యాకరణం పట్టించుకోకుండా. మేనేజరుకి చిరాకు వచ్చింది, కానీ జవాబు రాయాల్సి వచ్చింది కాబట్టి ఆలోచించారు. రిలీజ్ వాయిదా పడలేదు, కొంత భాగం వెనక్కి తీశారు. దీంతో ఆఫీసు మారిపోయిందని చెప్పను. అప్రైజల్ నెలల్లో మినిట్స్‌లోని ఆ అభ్యంతరాల కాలమ్ ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది.

మీ విషయానికొస్తే, ఇంగ్లీషు మెరుగుపరుచుకోండి, కాదనను, అది ఎక్కడికి వెళ్లినా మీతో వస్తుంది. కానీ దానికోసం ఆగకండి. మీటింగుకి ముందే మీ పాయింట్‌ని నాలుగు లైన్లలో రాసి అందరికీ పంపండి, అప్పుడు టైమింగ్ సమస్య మీది కాకుండా పోతుంది. "అయితే బాగుంటుందేమో" అనే బదులు "ఇలా చేస్తే ఫలానాది పాడవుతుంది" అనండి, మర్యాద ఏమీ తగ్గదు. మీ మాట ఇంకొకరి నోట వినబడితే అక్కడ గొడవ పడనక్కర్లేదు, అదే రోజు "నేను పంపిన దానికి కొనసాగింపుగా" అంటూ ఒక మెయిల్ పెట్టండి. మినిట్స్ రాసేదెవరో కనుక్కుని వాళ్లతో నేరుగా మాట్లాడండి. మా దగ్గరికి ఇలాంటి పని మీద వచ్చేవాళ్లు చాలా తక్కువ, వచ్చినవాళ్లకి మేం సాధారణంగా కాదనం.