గ్రీకు క్రియల నుండి నామవాచకాలు: ప్రత్యయం కంటే ముందు ధాతువును చూడాలి

‘చేయు’ అనే అర్థమున్న ‘పొయేఓ’ అన్న ఒకే క్రియ నుండి పొయేసిస్, పొయేమ, పొయేతేస్ అనే మూడు నామవాచకాలు ఎలా వచ్చాయని, వాటిని గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా అని మీరు అడిగారు. కొత్త నిబంధన గ్రీకును నేర్చుకొని, కొంతకాలంగా విద్యార్థులకు బోధిస్తున్న అనుభవంతో జవాబిస్తున్నాను.

‘సిస్’ చేరితే చేసే పని తెలుస్తుంది, ఆ మాట స్త్రీలింగం. ‘మ’ చేరితే పని ఫలితంగా మిగిలిన వస్తువు తెలుస్తుంది, అది నపుంసకం. ‘తేస్’ చేరితే చేసేవాడు. అందుకే పొయేసిస్ సృజన, పొయేమ సృజించబడిన కృతి, పొయేతేస్ కవి. ‘క్రీనో’ అంటే తీర్పు తీర్చు. దాని నుండి క్రిసిస్, క్రిమ, క్రితేస్ ఇదే వరుసలో వస్తాయి.

అసలు చిక్కు ప్రత్యయం ధాతువును తాకే చోట ఉంది. విద్యార్థులు నిఘంటువులోని వర్తమానకాల రూపాన్ని పట్టుకొని మొదలుపెడతారు. అక్కడి నుండి దారి దొరకదు. ‘చేయు, జరిపించు’ అనే అర్థమున్న ‘ప్రాత్తో’ క్రియకు ధాతువు ‘ప్రాగ్’ అని తెలిస్తే, సకారం ముందు గకారం కకారమై ‘ప్రాక్సిస్’ అని, మకారం ముందు మారకుండా ‘ప్రాగ్మ’ అని, చేసేవాడిని తెలిపే మరో ప్రత్యయమైన ‘తోర్’లోని తకారం ముందు ‘ప్రాక్తోర్’ అని రావడం సహజంగా కనిపిస్తుంది. ‘వ్రాయు’ అనే అర్థమున్న ‘గ్రఫో’ నుండి వచ్చిన ‘గ్రమ్మ’ (అక్షరం) అన్న మాటలో ఫకారం తరువాతి మకారంలో కలిసిపోయింది. సంస్కృతంలో ‘యుజ్’ ధాతువుకు ‘తి’ చేరినప్పుడు జకారం కకారమై ‘యుక్తి’ అయినట్టే ‘ప్రాక్తోర్’లోనూ జరిగింది. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు: గ్రీకు ‘సిస్’ పూర్వరూపం ‘తిస్’, అది సంస్కృత ‘తి’ ప్రత్యయానికి తోబుట్టువు, గ్రీకు ‘బాసిస్’ (అడుగు, నడక), మన ‘గతి’ ఒకే మూలరూపం నుండి పుట్టాయి. విశ్వాసమనే అర్థమున్న ‘పిస్తిస్’లో ఆ పాత తకారం ఇప్పటికీ నిలిచి ఉంది. అలాగే ‘తోర్’కు సంస్కృతంలో ‘కర్తృ’, ‘దాతృ’ శబ్దాల చివరి ‘తృ’ సాటి; ‘మ’కు ‘కర్మన్’, ‘నామన్’ శబ్దాల ‘మన్’ సాటి. ధాతువుకు చేరి నామవాచకాలను చేసే ఇలాంటి కృత్ప్రత్యయాలతో పరిచయమున్న తెలుగువారికి ఇంత చేరువైన దారి మరొకటి లేదని నా అభిప్రాయం.

కొన్ని నామవాచకాలలో ఇలాంటి ప్రత్యయం కనబడదు, ధాతువులోని అచ్చే మారుతుంది: ‘లెగో’ (చెప్పు) నుండి ‘లొగోస్’ (మాట) అలా వచ్చినదే. వీటిలో స్వరస్థానం, అంటే ఏ అక్షరం మీద ఊనిక పడుతుందన్నది కూడా ముఖ్యం. ‘తొమోస్’ను మొదటి అక్షరం మీద ఊనిక పెట్టి పలికితే కోసిన ముక్క, చివరి అక్షరం మీద పలికితే కోసేది, పదునైనది.

ఇంత చెప్పినా, ప్రత్యయాన్ని బట్టి అర్థాన్ని పూర్తిగా నిర్ణయించకూడదు. ‘మొస్’ అన్న మరో ప్రత్యయం సాధారణంగా చేసే పనినే సూచిస్తుంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో గిన్నెలు కడగడానికి ‘బప్తిస్మోస్’ అన్న మాట వాడారు, మన ‘బాప్తిస్మము’ మాత్రం ‘మ’ చేరిన ‘బప్తిస్మ’ నుండి వచ్చింది. అయితే ఈ రెండవదీ వస్తువును కాక ఆచారాన్నే చెబుతుంది. ‘క్తిసిస్’ సంగతీ ఇంతే. రోమీయులకు వ్రాసిన పత్రికలో 1:20 దగ్గర అది సృష్టించిన పని, 8:22 దగ్గర మూలుగుతున్న సృష్టి యావత్తు. ఈ రెండవ చోట దానికి తెలుగు బైబిలులో నిలిచిన ‘సృష్టి’ అన్న మాట కూడా ‘తి’ ప్రత్యయాంతమే, దానికీ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి.